సూదమ్మ పెట్టని చుక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ముళ్లపంది. దాని పేరు సూదమ్మ.

సూదమ్మ అంటే అడవిలో అందరికీ గౌరవం. ఎందుకంటే చదవడం, రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. వీపు మీద నుంచి రాలిన ముల్లు ఆమెకు కలం. కరక్కాయలు నూరి కలుపుకున్న నల్లనీళ్లు సిరా. వెడల్పాటి అడ్డాకు కాగితం.

ముళ్లపందికి చదువు ఎలా వచ్చిందని అడుగుతారేమో. చెబుతాను వినండి. అడవి అంచున ఒక ఆశ్రమ పాఠశాల ఉంది. ఇంగ్లీషు చెప్పే గది గోడ కింద సూదమ్మ బొరియ. పొద్దున్నే పైన మాస్టారు గొంతెత్తి పాఠం చెబుతుంటే, కింద సూదమ్మ ముందుకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వినేది. అలా మూడేళ్లు విన్నది. స్పెల్లింగులు కూడా వచ్చేశాయి. తప్పు రాసిన మాటను పిల్లలు పదేసి సార్లు రాసి పారేసిన కాగితాలు గోడ వెనక కుప్పలుగా పడి ఉండేవి. వాటిని చూసి నేర్చుకుంది.

ఆ కాగితాల్లో మాటలు ఉండేవి. వాక్యాలు ఉండేవి కావు. ఆ తేడా సూదమ్మకు తెలియదు. తనకు ఇంగ్లీషు మొత్తం వచ్చేసిందని ఆమెకు గట్టి నమ్మకం.

"ఇంగ్లీషు అంటే ఏముందమ్మా! ఎత్తుకున్నాక ఆగకూడదు. ఎంత పొడుగ్గా రాస్తే అంత చదువు ఉన్నట్టు" అనేది అడిగినవాళ్లతో.

అడవిలో ఇంగ్లీషుతో పనేమిటి? ఉంది. ఏటా చలికాలం రాగానే మంచుకొండల అవతలి నుంచి పట్టెతల బాతులు ఆ అడవికి వచ్చేవి. తెల్లటి తల మీద రెండు నల్లటి పట్టెలుంటాయి, అందుకని ఆ పేరు. వాటి భాష ఇక్కడివాళ్లకు రాదు. ఇక్కడి భాష వాటికి రాదు. ఎన్నో దేశాల మీదుగా ఎగిరి వచ్చేవి కాబట్టి వాటికి ఇంగ్లీషు వచ్చు. అందుకే బాతులకు కబురు పంపాలంటే సూదమ్మ ఇంగ్లీషులో ఉత్తరం రాసేది. నీలయ్య అనే పాలపిట్ట దాన్ని ముక్కున కరుచుకుని, గోదావరి ఇసుక తిన్నెల దాకా ఎగిరి ఇచ్చి వచ్చేది. దారిలో బాతులు అక్కడ ఆగి రెండు రోజులు సేద తీరేవి.

ఏటా రాసే ఉత్తరం ఒక్కటే. వానలు బాగా పడ్డాయి, నీళ్లు నిండుగా ఉన్నాయి, రండి. ఆ ఉత్తరంలో ఒక మాట అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు. బాతులు వచ్చేవి. "ఉత్తరం అందింది సూదమ్మా" అనేవి. సూదమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకుని మురిసిపోయేది.

ఒక ఏడాది మాత్రం అలా జరగలేదు.

ఆ అడవిలో రెండు మడుగులున్నాయి. ఒకటి పెద్ద మడుగు, ఒకటి చిన్న మడుగు. బాతులు ఎప్పుడూ దిగేది పెద్ద మడుగులో. ఆ ఏడు చలి మొదలవుతుండగా వేటగాళ్లు వచ్చి పెద్ద మడుగు చుట్టూ వలలు కట్టారు. రెల్లులో కలిసిపోయిన సన్నటి వలలు. ఆ మడుగులోనే ఉండే బక్కయ్య అనే కొంగ వాటిని చూసి, ఉన్నపళంగా ఎగిరి వచ్చి అందరినీ పోగుచేసింది.

"బాతులు వచ్చే వేళయింది. వస్తే వలలో పడతాయి" అంది బక్కయ్య.

"చిన్న మడుగుకు రమ్మందాం" అంది కణుజు. కొమ్ములు తిరిగిన పెద్ద మగ జింక అది, కణుజుల మందకు పెద్ద.

"సాయంత్రం అక్కడికి నక్కలు నీళ్లకొస్తాయి. బాతుల్ని బతకనిస్తాయా?" అని అడిగింది చెట్టు మీది కొండముచ్చు.

"ఉదయం రావు కదా! ఉదయం దిగమందాం. వచ్చాక మనం చూసుకుంటాం" అంది కణుజు.

అందరికీ ఆ మాట నచ్చింది. అందరూ సూదమ్మ వైపు తిరిగారు.

"అదెంతసేపు!" అంది సూదమ్మ. అడ్డాకు పరిచింది. ముల్లు సిరాలో ముంచింది. ఒక్క బిగిని రాసేసింది.

ఆమె రాసింది ఇదీ:

డోంట్ కమ్ టు ది బిగ్ లేక్ ఇన్ ది మార్నింగ్ గో టు ది స్మాల్ లేక్

పెద్ద మడుగుకు రావద్దు, ఉదయం పూట చిన్న మడుగుకు వెళ్లండి అని సూదమ్మ ఉద్దేశం. మధ్యలో ఎక్కడా చుక్క లేదు. చివర కూడా లేదు.

నీలయ్య ఆకు అందుకోబోతుంటే బక్కయ్య అడ్డం వచ్చింది.

"సూదమ్మా, ఒక్క మాట. ఇది ప్రాణాల మీది కబురు. ఒకసారి పైకి చదివి వినిపించు."

"నీకు ఇంగ్లీషు వచ్చా మామా?" అని అడిగింది సూదమ్మ.

"రాదు. కానీ వింటే, ఎక్కడ ఆగుతున్నావో తెలుస్తుంది. మాట అన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా!"

చుట్టూ అందరూ చూస్తున్నారు. సూదమ్మకు ఒళ్లు మండింది. మూడేళ్లు చదువు విన్న తనకు, ఒక్క అక్షరం రాని కొంగ పాఠం చెబుతుందా?

"ఆగేది ఆయాసం ఉన్నవాళ్లు. నాకు లేదు. నేను రాసింది సరిగ్గానే ఉంది. తీసుకెళ్లు నీలయ్యా!" అంది.

నీలయ్య ఎగిరిపోయింది. పైకి చదివితే ఎంతసేపు పట్టేది? కాసిని నీళ్లు తాగినంతసేపు. ఆ కాస్త సేపు సూదమ్మ ఇవ్వలేకపోయింది.

మూడో రోజు సాయంత్రం. సూదమ్మ బొరియ ముందు కూర్చుని దుంప కొరుకుతోంది. ఉత్తరాన ఆకాశంలో బాణం మొనలా ఒక గుంపు కనిపించింది. బాతులు! సూదమ్మ దుంప వదిలేసి లేచి నిలబడింది. 'ఇప్పుడెందుకు వస్తున్నాయి? ఉదయం కదా రమ్మన్నాను' అనుకుంది. 'సరే, దారిలో ఎక్కడో దిగుతాయిలే' అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

బాతులు దారిలో దిగలేదు. ఒక చుట్టు తిరిగి, నేరుగా పెద్ద మడుగు మీదికి వాలాయి.

మరుక్షణం అడవి అదిరిపోయేలా అరుపులు. రెక్కల చప్పుడు, నీళ్ల చప్పుడు, వాటన్నిటి మీదా బక్కయ్య కేక. "వలలో పడ్డాయి! రండి! అందరూ రండి!"

సూదమ్మ పరుగెత్తింది. ముళ్లపంది పరుగు ఎంతో మీకు తెలుసు, పొట్టి కాళ్లు, బరువు ఒళ్లు. అయినా ఆ రోజు కణుజుతో సమానంగా పరుగెత్తింది. మడుగు గట్టున ఇరవై బాతులు వలల్లో చిక్కి కొట్టుకుంటున్నాయి. కొట్టుకున్నకొద్దీ తాళ్లు బిగుసుకుంటున్నాయి. అవతల బాట మీద వేటగాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

ముళ్లపంది పళ్లు ఉలి లాంటివి. సూదమ్మ ఏమీ ఆలోచించలేదు. వల మీద పడి కొరకడం మొదలుపెట్టింది. ఒక తాడు తెగింది. ఒక బాతు బయటపడింది. ఇంకో తాడు, ఇంకో బాతు. కొండముచ్చులు ఆ కొసా ఈ కొసా పట్టి లాగాయి. కణుజులు బాటకు అడ్డంగా పరుగులు తీసి వేటగాళ్లను కాసేపు అక్కడే నిలబెట్టాయి. చివరికి ఒక్క బాతు మిగిలింది. అది గుంపుకు ముందు ఎగిరే సారన్. అందరికంటే ముందు దిగింది కాబట్టి అందరికంటే లోతుగా చిక్కుకుంది. సూదమ్మ ఆఖరి తాడు కొరికేసరికి పళ్ల చిగుళ్ల వెంట రక్తం కారుతోంది. సారన్ బయటికొచ్చింది. కానీ దాని కుడి రెక్క వేలాడిపోతోంది. ఎముక విరిగింది.

అందరూ కలిసి బాతుల్ని కణుజుల పొదల్లోకి చేర్చారు. నక్కలు రాకుండా కణుజులు కొమ్ములు బయటికి పెట్టి చుట్టూ నిలబడ్డాయి. ప్రాణాలు దక్కాయి.

మర్నాడు పొద్దున అందరూ పొదల దగ్గర చేరారు. ముందుగా కొండముచ్చు అడిగింది.

"సూదమ్మా, పెద్ద మడుగుకు రావద్దని రాయమన్నాం కదా! ఏం రాశావు?"

"రావద్దనే రాశాను. చదవడం వాళ్లకు రాలేదు. అది నా తప్పా?" అంది సూదమ్మ.

రెక్క కింద గడ్డి దొంతర పెట్టుకుని పడుకున్న సారన్ తల ఎత్తింది. ఏటా వచ్చి వెళ్లడం వల్ల దానికి ఇక్కడి మాటలు కొన్ని వచ్చు. "ఉత్తరం నా దగ్గరే ఉంది" అంది. ఈకల మధ్య దాచిన అడ్డాకు బయటికి తీసింది. "నేను ఎలా చదివానో వినండి."

సారన్ మెల్లగా చదివింది. "డోంట్ కమ్ టు ది బిగ్ లేక్ ఇన్ ది మార్నింగ్." అక్కడ ఆగింది. ఊపిరి తీసుకుంది. "గో టు ది స్మాల్ లేక్."

చదవడం అయ్యాక తెలుగులో చెప్పింది. "ఉదయం పెద్ద మడుగుకు రావద్దు. అప్పుడు చిన్న మడుగుకు వెళ్లండి. అంటే ఉదయం ప్రమాదం, సాయంత్రమైతే పరవాలేదు అనుకున్నాం. అందుకే పొద్దు వాలేదాకా ఆగి ఆగి, సాయంత్రం పెద్ద మడుగులో దిగాం."



సూదమ్మ ఆకు అందుకుంది. తను అనుకున్నట్టు చదివింది. "డోంట్ కమ్ టు ది బిగ్ లేక్." ఆగింది. "ఇన్ ది మార్నింగ్ గో టు ది స్మాల్ లేక్."

రెండూ అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. ఆగిన చోటు మారింది, అంతే. ఒక చోట ఆగితే బాతులు బతుకుతాయి. ఇంకో చోట ఆగితే వలలో పడతాయి. ఎక్కడ ఆగాలో రాసిన తనకు తెలుసు. కానీ ఆ సంగతి ఉత్తరంలో పెట్టలేదు. తన మనసులోనే ఉంచుకుంది. గోదావరి తిన్నె మీద కూర్చున్న సారన్‌కు తన మనసు ఎలా కనిపిస్తుంది?

ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉండే సూదమ్మ ముళ్లు వీపుకు అతుక్కుపోయాయి.

"మీరు చదివింది తప్పు కాదు సారన్" అంది. "రాసింది తప్పు. నేను రాసింది తప్పు. బక్కయ్య మామ ఆగమన్నాడు. నేను ఆగలేదు."

సారన్ ఆమెను కోప్పడలేదు. అంతకంటే పెద్ద మాట చెప్పింది. "నా వెనక రెండో గుంపు వస్తోంది. మా అక్క బోలోర్మా తీసుకొస్తోంది. ఈ ఏడు పుట్టిన పిల్లలన్నీ అందులోనే ఉన్నాయి. రేపు తెల్లవారగానే ఇసుక తిన్నెల నుంచి బయల్దేరతాయి. ఈ ఉత్తరంలో ఏముందో వాళ్లకూ చెప్పే వచ్చాను."

అప్పుడే నీలయ్య ఎగిరి వచ్చి వాలింది. "వేటగాళ్లు మళ్లీ వలలు కడుతున్నారు. ఈసారి ఇనుప తీగవి" అంది రొప్పుతూ.

ఇనుప తీగను సూదమ్మ పళ్లు కొరకలేవు. వలలో ఈకలు విరిగిన బాతులు పది రోజుల దాకా దూరం ఎగరలేవు. నీలయ్యకు ఇంగ్లీషు రాదు. మిగిలింది ఉత్తరమే.

"మళ్లీ ఉత్తరమా! మళ్లీ సూదమ్మా! వద్దు బాబోయ్" అంది కొండముచ్చు.

సూదమ్మ ముందుకొచ్చింది. తల దించుకోలేదు.

"తప్పు చేశాను. దాన్ని దిద్దే పని కూడా నాదే. నాకు మాటలు వచ్చు, ఆగడం రాదు. అది ఇవాళ నేర్చుకుంటాను. ఈసారి రాశాక సారన్‌కు, బక్కయ్య మామకు చదివి వినిపిస్తాను. ఇద్దరూ సరే అంటేనే నీలయ్య ఎగురుతుంది."

కణుజు సారన్ వైపు చూసింది. "రాయనివ్వండి" అంది సారన్. "నాకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఎక్కడ అర్థం దారి తప్పుతోందో మాత్రం చెప్పగలను."

నీలయ్య మధ్యాహ్నానికల్లా బయల్దేరితేనే పొద్దు గూకేలోపు తిన్నెలు చేరగలదు. అప్పటికే పొద్దు బారెడెక్కింది. సూదమ్మ కొత్త ఆకు పరిచింది.

మొదటిసారి, మాటల మధ్య కామాలు పెట్టింది. మాస్టారు కామా అనడం ఆమె విన్నది.

డోంట్ కమ్ టు ది బిగ్ లేక్, ఇన్ ది మార్నింగ్, గో టు ది స్మాల్ లేక్

సారన్ చదివి తల అడ్డంగా ఊపింది. "లాభం లేదు. 'ఇన్ ది మార్నింగ్' కు రెండు పక్కలా కామా ఉంది. అది ముందు మాటకు చెందుతుందా, వెనక మాటకా? మళ్లీ రెండు రకాలుగానూ చదవొచ్చు. కామా అంటే చిన్న విరామం. రెండు పూర్తి మాటల్ని విడదీసే బలం ఒంటి కామాకు లేదు. అందుకు చుక్క కావాలి."

సూదమ్మ ఆ ఆకు పక్కన పెట్టింది. రెండోసారి, చుక్కలతో మొదలుపెట్టింది. ఈసారి ఆగకపోవడం అనే తప్పు మాత్రం చేయకూడదనుకుంది. కనిపించిన చోటల్లా చుక్క పెట్టింది.

డోంట్. కమ్ టు ది బిగ్ లేక్. ఇన్ ది మార్నింగ్. గో. టు ది స్మాల్ లేక్.

సారన్ చదివి, అంత నొప్పిలోనూ నవ్వింది. "సూదమ్మా! 'వద్దు' అని ఒక చుక్క. 'పెద్ద మడుగుకు రండి' అని ఇంకో చుక్క. మా పిల్లల్ని చేతులారా వలలోకి పిలుస్తున్నావు!"

సూదమ్మ ఉలిక్కిపడి ఆకు చింపేసింది. పొద్దు ఇంకాస్త పైకెక్కింది. చుక్క లేకపోతే ఒక ప్రమాదం. ఎక్కడ పడితే అక్కడ పెడితే ఇంకో ప్రమాదం. మరి ఎక్కడ పెట్టాలి?

ఒంటికాలి మీద నిలబడి అంతా వింటున్న బక్కయ్య అప్పుడు అడిగింది. "ఇంగ్లీషు పక్కన పెట్టు. నువ్వు వాళ్లకు ఏం చెప్పాలనుకుంటున్నావో మన మాటల్లో నాతో చెప్పు. నేను కళ్లు మూసుకుంటాను. ఒక సంగతి పూర్తిగా తెలిసింది అనిపించినప్పుడు కాలు మారుస్తాను."

సూదమ్మ చెప్పింది. "పెద్ద మడుగులో..."

బక్కయ్య కదల్లేదు.

"...వలలు ఉన్నాయి."

బక్కయ్య కాలు మార్చింది. "తెలిసింది. ఎక్కడ ఏముందో తేలిపోయింది."

"అందుకని..."

కదల్లేదు.

"...అక్కడికి రావద్దు."

కాలు మార్చింది.

"ఉదయం పూట..."

కదల్లేదు.

"...చిన్న మడుగుకు వెళ్లండి."

కాలు మార్చింది. కళ్లు తెరిచింది. "మూడు సంగతులు చెప్పావు. మూడుసార్లు కాలు మార్చాను. నువ్వు మొన్న చివరి రెండూ కలిపి ఒకే ముద్ద చేసి పంపావు. అసలు వలల సంగతే చెప్పలేదు కూడా."

సూదమ్మకు పాఠశాల గది గుర్తొచ్చింది. మాస్టారు ఒక మాట చెప్పి కాసేపు ఊరుకునేవాడు. ఇంకో మాట చెప్పి మళ్లీ ఊరుకునేవాడు. 'పాపం, పెద్దాయనకు ఆయాసం' అనుకునేది తను. ఆయనకు ఆయాసం కాదు! ఆ ఊరుకున్న ప్రతిచోటా బోర్డు మీద ఒక చుక్క పడేదన్నమాట. చుక్కకు చప్పుడు ఉండదు. గోడ కింద కూర్చుని విన్న తనకు మాటలన్నీ వినిపించాయి, చుక్క ఒక్కటి వినిపించలేదు.

"అర్థమైంది మామా!" అంది సూదమ్మ. "ఎవరు, ఏం చేయాలి, ఈ రెండూ తేలితే మాట పూర్తయినట్టు. పూర్తయిన చోట చుక్క. పూర్తి కాకముందు పెడితే మాట విరుగుతుంది. పూర్తయ్యాక పెట్టకపోతే పక్క మాటకు అతుక్కుంటుంది."

"రెండు పూర్తి మాటల్ని ఒకటిగా కలపాలనుకుంటే?" అని అడిగింది సారన్.

సూదమ్మ కాస్త ఆలోచించింది. "ఇప్పుడు నేను 'అందుకని' అన్నాను కదా! అలాంటి ముడి ఒకటి వేయాలి. ఇంగ్లీషులో 'సో' అంటారు. కామా పెట్టి, పక్కనే 'సో' పెడితే ముడి నిలుస్తుంది. ముడి లేకపోతే చుక్క. రెండూ లేకుండా మాత్రం రాయకూడదు."

ఇలా అని మూడో ఆకు పరిచింది. ఈసారి ఒక్క బిగిని రాయలేదు. ఒక మాట రాసి, పైకి చదివి, బక్కయ్య కాలు చూసి, అప్పుడు ముందుకు వెళ్లింది.

ది బిగ్ లేక్ హాజ్ నెట్స్, సో డోంట్ కమ్ దేర్. ఇన్ ది మార్నింగ్, గో టు ది స్మాల్ లేక్.

పెద్ద మడుగులో వలలున్నాయి, అందుకని అక్కడికి రావద్దు. ఉదయం పూట చిన్న మడుగుకు వెళ్లండి.

సూదమ్మ ముల్లు మొన సిరాలో ముంచి, చివరి చుక్కను గట్టిగా, నల్లగా, ఎవరికైనా కనిపించేలా పెట్టింది. తర్వాత సారన్‌కు ఇచ్చింది. "వేరే అర్థం వస్తుందేమో చూడండి. ఎలాగైనా మెలిపెట్టి చదవండి."

సారన్ ఒకసారి చదివింది. రెండోసారి వేరేలా ఆగి చదవబోయింది. కుదరలేదు. మూడోసారి గబగబా చదవబోయింది. చుక్క దగ్గర గొంతు దానంతటదే ఆగింది.

"ఒక్కటే అర్థం వస్తోంది" అంది. "పంపండి."

నీలయ్య ఆకు కరుచుకుని ఎగిరింది. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది.

మర్నాడు సాయంత్రం అడవిలో ఎవరూ మేతకు వెళ్లలేదు. కొండముచ్చులు చిటారు కొమ్మలెక్కి కూర్చున్నాయి. బక్కయ్య మెడ చాచి ఉత్తరం వైపు చూస్తోంది. ఆకాశం ఖాళీగా ఉంది. నీలయ్య ఇంకా తిరిగి రాలేదు.

"గుంపు రాలేదంటే ఉత్తరం అర్థమైనట్టేనా?" అని అడిగింది కణుజు.

"లేదా ఉత్తరం అందక, వేరే దారిన వస్తున్నాయేమో" అంది కొండముచ్చు.

అందరూ సూదమ్మను చూశారు. ఆమె సారన్ పక్కన కూర్చుని ఉంది. భయం లేదని కాదు. అయినా లేచి నిలబడింది.

"అర్థమైంది. అందుకే రాలేదు. రేపు ఉదయం చిన్న మడుగు దగ్గర ఉందాం" అంది.

మొన్న కూడా సూదమ్మ ఇంత గట్టిగానే మాట్లాడింది. కానీ మొన్న ఆ ధైర్యం వెనక ఏమీ లేదు. ఇవాళ ఆమె తన ఉత్తరాన్ని ఇంకొకరి కళ్లతో చూసి పంపింది.

మంచు ఇంకా విడవకముందే అందరూ చిన్న మడుగు చేరారు. నక్కలు నీళ్లు తాగి వెళ్లిపోయిన జాడలు గట్టున ఉన్నాయి. తూర్పున ఎర్రబడింది. బక్కయ్య మెడ ఒక్కసారి నిటారుగా లేచింది.

"అదిగో!"

మంచు తెరలోంచి నలభై బాతులు బయటికి వచ్చాయి. ముందు బోలోర్మా. వెనక పెద్దవి. మధ్యలో బూడిదరంగు పిల్లలు, నల్ల పట్టెలు ఇంకా సరిగ్గా తేలనివి. వాటి పక్కన నీలి రెక్కలు ఆడిస్తూ నీలయ్య. పెద్ద మడుగు మీదుగా వచ్చాయి. ఒక్కటి కూడా కిందికి వంగలేదు. చిన్న మడుగు మీద ఒక చుట్టు తిరిగి, నీళ్లను చీలుస్తూ వరసగా దిగాయి.

సారన్ ఒంటి రెక్కతోనే ఎగిరినంత పని చేసింది. అక్కాచెల్లెళ్లు మెడలు పెనవేసుకున్నారు. పిల్లలు నీళ్లలో మునిగి తేలుతుంటే కణుజు కూడా వెళ్లి మోకాలి లోతు నీళ్లలో నిలబడింది.

బోలోర్మా గట్టెక్కి అడిగింది. "ఈ ఉత్తరం రాసింది ఎవరు? తిన్నెల మీద మా పిల్లలు కూడా చదివారు. అందరికీ ఒకేలా అర్థమైంది. దారిలో ఏటి నడుమ బండల మీద రాత్రి గడిపి, ఉదయానికి వచ్చాం."

"నేనే రాశాను" అంది సూదమ్మ. అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "సారన్ రెక్క విరగడానికి కారణమైన మొదటి ఉత్తరం కూడా నేనే రాశాను."

బోలోర్మా ఆమె దగ్గరికి నడిచి వచ్చింది. "రెండూ నీవేనని చెప్పావు. అందుకని రాబోయే ఉత్తరాలు కూడా నీవే అయితే మేం నమ్ముతాం" అంది.

చలికాలం గడిచింది. బాతులు చిన్న మడుగులోనే ఉండిపోయాయి. సాయంత్రాలు కణుజులు కాపలా కాశాయి. వేటగాళ్లు ఖాళీ వలలు చూసి చూసి విసిగి, విప్పుకుని వెళ్లిపోయారు. ఎండలు మొదలయ్యాయి. బాతులు మంచుకొండల వైపు తిరుగు ప్రయాణం కట్టాయి.

సారన్ వెళ్లలేకపోయింది. ఎముక అతుక్కుంది కానీ కొండలు దాటే బలం రెక్కకు ఇంకా రాలేదు. గుంపు ఎగిరిపోతుంటే గట్టున నిలబడి చూసింది. గుంపు కనుమరుగయ్యాక కూడా చూస్తూనే ఉంది. సూదమ్మ పక్కనే నిలబడింది. ఓదార్పు మాట చెప్పే హక్కు తనకు లేదనిపించింది.

కాసేపటికి సారన్ అంది. "మా అమ్మ ముసలిది. ఈ ప్రయాణాలు మానేసి కొండల అవతలే ఉంటుంది. గుంపులో నేను కనిపించకపోతే చచ్చిపోయాననుకుంటుంది. ఎవరు చెప్పినా నమ్మదు. బోలోర్మా రేపు గోదావరి తిన్నెల మీద ఆగుతుంది. నీలయ్య అందుకోగలదు. ఒక ఉత్తరం రాసిపెడతావా?"

సూదమ్మ పరుగున వెళ్లి ముల్లు, సిరా, ఆకు తెచ్చింది. ఆ తల్లి ఏ మాట ముందు వినాలో ఆలోచించింది. అదొక్కటే రాసి, వెంటనే చుక్క పెట్టింది. ఆ తర్వాతే మిగతాది రాసింది. రాసింది పైకి చదివింది.

"సారన్ ఈజ్ అలైవ్. హర్ వింగ్ ఈజ్ వీక్, సో షి విల్ కమ్ నెక్స్ట్ ఇయర్."

సారన్ బతికే ఉంది. రెక్కకు బలం చాలలేదు, అందుకని వచ్చే ఏడు వస్తుంది.

సారన్ కళ్లు తడిశాయి. "మొదటి చుక్క దగ్గర మా అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది" అంది.

ఆ ఉత్తరం కొండలు దాటింది. తల్లి చదివింది, బిడ్డ బతికే ఉందని తెలుసుకుంది. మరుసటి వేసవికి సారన్ రెక్క బలపడింది. గుంపుతో పాటు ఎగిరి, అమ్మ దగ్గరికి చేరింది.

నీతి: మన మాట ఎక్కడ ముగిసిందో చెప్పాల్సింది మనమే. పూర్తయిన చోట చుక్క పెట్టాలి, కలపాల్సిన చోట ముడి వేయాలి, పంపేముందు ఇంకొకరికి చదివి వినిపించాలి.